వేలంలో వెనక్కివ్వని ఫ్లూట్

పటాన్‌చెరులో నాది పాత సామాను దుకాణం. ఫ్యాక్టరీ మోటారైనా పెళ్లి గిన్నెలైనా, మళ్లీ అమ్మే దారి కనబడందే నేనేదీ కొనను. ఆ లెక్క తప్పించింది దయావతి.

తొంభై రెండులో, ముసురు పట్టిన రోజున, తడిసిన కొంగుతో తుడిచి ఒక పొడుగాటి పెట్టె నా ముందు పెట్టింది. లోపల వెండి ఫ్లూట్.

"మా నాయనది. పాతకాలం ప్రొఫెషనల్ ఫ్లూట్. మీటల కింద జెర చినిగింది. ఎంతకు తీసుకుంటవు?"

నేను దాన్ని తక్కెడలో పెట్టాను.

"ఏంది, ఉల్లిగడ్డల లెక్క తూకమేస్తున్నవ్?"

"వెండికి తూకమే గద, మేడమ్."

"అంటే కరగబెడ్తవా?"

"మోగనిదాన్ని ఇంకేం జేస్త?"

ఆ కళ్లలో మెరుపు చూసి నేనే ఒకడుగు వెనక్కి వేశాను. పెట్టె లాక్కుని వానలోకి వెళ్లిపోయింది.

బేరం పోయినందుకు బాధ లేదు. అంత ప్రేమ ఉన్న వస్తువును ఎందుకు అమ్ముతోందన్నదే అంతు చిక్కలేదు. పక్క హోటల్ నాగయ్యను అడిగాను.

"దేవసహాయం సారు బిడ్డ. సారు చర్చిల వాయిస్తుండె. ఊపిరి చాలుత లేదని బంద్ పెట్టిండు. ఇగ చర్చికే ఇచ్చేస్తరట, కోత పండుగ వేలంల."

కోత పండుగనాడు చర్చి ఆవరణలో గుమ్మడికాయలు, కోళ్ల మధ్య ఫ్లూట్ పెట్టారు. అందరికంటే ఎక్కువకు పాడి దక్కించుకున్నాను. చప్పట్లు ఆగాక కూడా అందరూ నన్నే చూస్తున్నారు. నేను పెట్టె చంకలో పెట్టుకున్నాను.

దయావతి వచ్చింది. "మా దగ్గర కొన్నోళ్లు మళ్ల వేలానికే ఇచ్చేస్తరు. ఒక్క కోడే ఎన్నో చేతులు మారుతది. ఇటియ్యి."

"ఇయ్య."

"కరగబెట్టనీకేనా?"

జేబులోంచి పొట్లం తీశాను. "సికింద్రాబాద్‌ల బ్యాండ్ మాస్టర్‌ను అడిగిన. మీటల కింద మెత్తటి ప్యాడ్లు చినిగితే గాలి బయటికి పోతదట. ఎంత ఊదినా చాలదట. మీ నాయన ఊపిరి మంచిగనే ఉన్నదేమో!"

పొట్లం విప్పి కొత్త ప్యాడ్లు చూసింది. "ఫ్లూట్ ఇప్పుడు కొంటివి. ఇవెప్పుడు కొన్నవు?"

"పోయిన వారం."

"నీది గాని సరుకుకా? నువ్వేం యాపారివయ్యా!" మొదటిసారి నవ్వింది.

రిపేరు చేయించి వాళ్లింటికి తీసుకెళ్లాను. దేవసహాయం సారు భయపడుతూ ఊదాడు. స్వరం తెగలేదు. ఇంకోసారి ఊదాడు. వీధిలో సైకిల్ దిగి ఎవరో నిలబడ్డారు. దయావతి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచింది. "ఇగ చెప్పు, మాకెంతకు అమ్ముతవు?"

"పైసలొద్దు. ఆదివారాలు వచ్చి వింట."

"నెలకొక్కటి."

"మూడు."

"రెండు. ఆఖరు మాట."

"మీ చేతి చాయ్‌తోనైతే ఒప్పుకుంట. మిమ్మల్ని చూడనీకె వస్తున్నా, దాపరికమెందుకు?"

దయావతి తల దించుకుంది. కాదనలేదు.

గడపలోంచి సారు గొంతు వినబడింది.

"ఊదేది నేను గద, నన్నెవరూ అడగరేంది? దయా, అన్ని ఆదివారాలూ ఇచ్చెయ్యి!"