అమ్మ గొంతు తగ్గితే

వినికిడి నిలయంలో గోడవారగా కూర్చున్న పదిహేనుమందీ ఎవరికి వాళ్ళు ఊ కొడుతున్నారు. కథ చెప్పేవాళ్ళు మాత్రం కనిపించరు. మూడేళ్ళ పిల్లవాడి దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాయన దాకా, అందరి చెవుల్లోనూ చెవిగింజ కథ చెబుతోంది. వాక్యం వాక్యానికీ గొంతు సన్నబడుతుంది. ఊ ఎక్కడ ఆగితే వినికిడి అక్కడ ఆగినట్టు లెక్క. పాలు తాగే పిల్లలకు ఊతో పని లేదు. గొంతు వినగానే వాళ్ళ గుండె కొట్టుకునే తీరు మారుతుంది, గింజ దాన్నే పట్టుకుంటుంది. పుట్టిన మూడో రోజు మొదలు, ఏటా ఒకసారి, పోయేదాకా ఈ పరీక్ష తప్పదు.

తరణి ఊ ఏడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

ఎదురుగా కూర్చుని వేళ్ళు మడుస్తున్న తల్లి గౌరీశ్వరి చెయ్యి కూడా ఆగింది. నిరుడు తొమ్మిది. అంతకు ముందేడు పన్నెండు.

శ్రవణాధికారి అద్దం పలక మీద ఏటేటి లెక్కల గీతను చూపించింది. "పద్దెనిమిదేళ్ళు నిండిన పరీక్షమ్మా ఇది. ఇరవై వాక్యాలు దాటితేనే గంటల కార్ఖానాలో పనికి నాదముద్ర ఇవ్వగలను. తొమ్మిదో ఏట నుంచి గీత దిగుతూనే ఉంది."

"నిన్న మా నాన్న పోసిన గంటలో ఎంట్రుకంత బీట ఉంటే నానే గదండీ పట్టినాను!" అంది తరణి.

"అదృష్టం కొద్దీ పట్టి ఉంటావు. గింజ చెప్పిందే నాకు లెక్క. ఈ సాయంత్రంతో గడువు అయిపోతుంది."

పన్నెండో ఏట నుంచి తరణి కోరుకున్నది ఒక్కటే: పోసిన ప్రతి గంటనీ మోగించి, ఇది పలుకుతుంది, ఇది పలకదు అని చెప్పే పీట మీద కూర్చోవడం.

గీత దిగడానికి ముందు ఏం జరిగిందో ఆ గదిలో గౌరీశ్వరి ఒక్కతెకే తెలుసు.

ఆమె బాలింతగా ఉన్నప్పుడు అత్తగారు చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి, ఇరవై ఒక్క రోజులు నోరు విప్పొద్దంది. మాట్లాడితే నరాలకు గాలి పడుతుందని ఆ కంచరి ఇళ్ళలో పట్టింపు. ఆ ఇరవై ఒక్క రోజులూ పిల్లను ఒళ్ళో వేసుకుని కబుర్లు చెప్పింది తోడికోడలు వరహాలమ్మ. పిల్లలు లేని మనిషి. ఆ రోజుల్లో ఏ గొంతు ఎక్కువ వినపడితే దాన్నే గింజ తొలిగొంతుగా పట్టుకుంటుందని అత్తగారికి తెలియదు. తెలిసేసరికి పట్టేసుకుంది.

ఆ తర్వాత లోకమంతా తరణితో వరహాలమ్మ గొంతులోనే మాట్లాడింది. ఊళ్ళో హారన్లు లేవు, మైకులు లేవు, బడిగంట లేదు. ఎవరికి కావలసిన కబురు వాళ్ళ చెవిలోనే, పరీక్ష కథతో సహా, వాళ్ళ తొలిగొంతులోనే పలుకుతుంది. వీధి దాటమని, బస్సు వచ్చిందని, తెల్లారిందని తరణికి పెద్దమ్మే చెప్పేది. పొద్దున్నే కళ్ళు తెరవకుండా పిల్ల నవ్వేది. పక్కనే పడుకున్న గౌరీశ్వరి ఆ నవ్వు చూసి అటు తిరిగి పడుకునేది. ఆమె పుట్టిన ఊళ్ళో గింజలు లేవు, పెళ్ళయ్యాక పెట్టించుకుంది. అందులో పలికేది గింజల కార్ఖానాలో అచ్చుపోసిన గొంతు.

పిల్లకు తొమ్మిదేళ్ళు రాగానే, కన్నతల్లికి హక్కు ఉందని తెలుసుకుని, ఒక్కతే నిలయానికి వచ్చి వేలిముద్ర వేసింది. వరహాలమ్మ గొంతు తీయించి తన గొంతు పెట్టించింది. గింజలో పెద్దమ్మ గొంతు పాడైపోయిందని పిల్లకు చెప్పింది. ఆ ఏడాది నుంచే గీత దిగడం మొదలైంది. నా గొంతంటే దానికి గిట్టదు కాబోలని కుమిలిపోయింది గాని, ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు అనక తప్పలేదు.

"గొంతు మార్చింది నానేనండి," అంది.

అధికారి పాత కాగితాలు తిరగేసింది. "అయితే తొలిగొంతు మనిషిని తీసుకురండి. వయసుతో గొంతు మారుతుంది, కొత్తగా పట్టుకోవాలి. ఆవిడ తనంత తానుగా ఒప్పుకోవాలి."

వరహాలమ్మ తన వాటా ముందు కూర్చుని చింతపండుతో గంట తోముతోంది.

"ఏటే గౌరీ, దారి తప్పినావా?"

"అక్కా, నీతో పనుంది."

"తొమ్మిదేళ్ళకి పని పడ్డాదా! ఉప్పు నిండుకున్నాదేటి?"

"పిల్ల చెవిలోంచి నీ గొంతు తీయించీసినాను. మళ్ళీ పెట్టాల. లేపోతే దానికి ముద్ర రాదు."

వరహాలమ్మ చింతపండు పక్కన పెట్టింది. "నా గొంతు పాడైపోనాదని చెప్పినావంట గదే. నిచ్చేపంలా ఉంది, సూడు." చేతులు కడుక్కుని లేచింది. "పద. పిల్ల పని."

గింజ వరహాలమ్మ గొంతును కొత్తగా పట్టుకున్నాక రెండోసారి పరీక్ష మొదలైంది. తరణి కళ్ళు మూసుకుంది. మొదటి వాక్యానికే పెదవుల మీద ఆ పాత నవ్వు వచ్చింది. కూతురి మంచి కోసమే ఇదంతా అని తెలిసినా గౌరీశ్వరికి ఆ నవ్వు గుండెల్లో సూదిలా దిగింది. పది. పదిహేను. ఇరవై. ఇరవై ఆరు దాకా ఊ ఆగలేదు.

అధికారి మాత్రం సంతోషించలేదు. "ఒక గొంతుకి ఏడు, ఒక గొంతుకి ఇరవై ఆరు. చెవి ఒకటే కదా? కారణం రాయకుండా ముద్ర వెయ్యడం కుదరదు. అమ్మాయ్, మీ అమ్మ గొంతు నీకు నిజంగా వినపడలేదా?"

తరణి తల వంచుకుంది. "వినపడ్డాదండి."

"మరి ఊ కొట్టలేదేం?"

"అమ్మ గొంతు తగ్గించిందంటే ఆ మాట నాకు కాదండి. వినకూడదు. విన్నట్టు కనపడకూడదు. చిన్నప్పటినుంచీ అంతే. గింజలో అమ్మ గొంతు తగ్గగానే నోరు దానంతటదే మూసుకుపోద్ది, ఏటికేడూ ఇంకాస్త ముందే."

వంటింట్లో మొగుడి పక్కన కూర్చుని, సగం గొంతుతో తాను అన్న మాటలు గౌరీశ్వరికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పంచలో ఆడుకునే పిల్ల ఎప్పుడూ తల తిప్పి చూడలేదు.

"విన్నావనడానికి గుర్తు కావాలి," అంది అధికారి. "అలా తగ్గించి అన్న మాట ఒకటి చెప్పు. మీ అమ్మ అవునంటే రాసుకుంటాను."

తరణి ఓరకంట పెద్దమ్మను చూసింది. "గుర్తు లేదండి."

"అయితే ముద్ర లేదు."

"గుర్తు లేదండి," అంది మళ్ళీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గౌరీశ్వరి కుర్చీ అంచు పట్టుకుని లేచింది. "చెప్పవే. నానన్నదే చెప్పు."

"అమ్మా, వద్దే."

"చెప్పమంటన్నాను గదా!"

తరణి నేల చూస్తూ, తల్లి ఆగే చోటే ఆగుతూ, చెప్పింది. "కడుపు పండనిది నా కడుపు మీద పడి ఏడుస్తంది. అది చస్తే గాని... నా పిల్ల నాది అవదు."

గదిలో ఊ కొడుతున్నవాళ్ళ చప్పుళ్ళే వినిపించాయి.

"అవును. నానన్నదే," అంది గౌరీశ్వరి.

అధికారి కారణం కోసం పలక మీద వెతికింది. అక్కడ ఉన్నవి మూడే గడులు: చెవి, నరం, గింజ. ఏదీ నింపకుండానే ముద్ర వేసి తరణి చేతిలో పెట్టింది.

వరహాలమ్మ కొంగు సర్దుకుంది. "ఇద్దరి వాటాలకీ గోడ ఒకటేనే గౌరీ. నాకూ వినపడ్డాది. నువ్వు ఒక్కనాడైనా గట్టిగా అనీసుంటే నానూ గట్టిగా అందును. జుట్టూ జుట్టూ పట్టుకుందుం. నాలుగు రోజులకి కలిసిపోదుం." తలుపు దగ్గర చెప్పులు వేసుకుంది. "పద్దెనిమిదేళ్ళు చెవిటిదాన్లా బతికించీసినావే నన్ను."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. తరణి ముద్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఒక కాలు మెట్టు మీద ఉంది. తల్లి వైపు తిరిగి చూసింది.

పొద్దున్నే ఆ నవ్వు చూసి అటు తిరిగి పడుకున్నప్పటి మంటే గౌరీశ్వరికి ఇప్పుడూ. కొంచెం కూడా తగ్గలేదు.

"ఎల్లవే! పెద్దమ్మ ఎనకాలే ఎల్లు!" అని కేకేసింది.

ఎన్నో ఏళ్ళుగా కేక ఎరగని ఆ వీధిలో, నడిచేవాళ్ళంతా ఆగి వెనక్కి చూశారు. వరహాలమ్మ కూడా.