హారన్ తాతవి ఆరు ఫోటోలు

"పైకెత్తు! ఇంకా పైకి! పళ్ళెం పడుకుంటోంది!" అని అమ్మ కెమెరా వెనక నుంచి అరిచింది.

పళ్ళెం అంటే అన్నం తినే పళ్ళెం కాదు. దాని అసలు పేరు రిఫ్లెక్టర్. బండి చక్రమంత ఉంటుంది. ఒకవైపు తెలుపు, ఇంకోవైపు వెండి రంగు. ఎండని పట్టుకుని మనిషి ముఖం మీదికి తిప్పికొట్టడం దాని పని. అమ్మ ఆరుబయట ఫోటోలు తీస్తుంది. సెలవు రోజుల్లోనూ, ఆటల పీరియడ్‌లోనూ పళ్ళెం పట్టుకునేది తూనీగ.

తూనీగకి పదేళ్ళు. ఒక్కచోట ఒక్క నిమిషం నిలవదు కాబట్టి ఆ పేరు. అలాంటి పిల్లని కదలకుండా నిలబెట్టడమంటే గాలిని గోనెసంచిలో మూట కట్టడమే. కానీ అమ్మకి ఇంకో సహాయం లేదు.

ఆ రోజు స్కూల్ మైదానంలో స్టూలు మీద కూర్చున్నది హారన్ తాత. స్కూల్ బస్సు డ్రైవర్. ఒకసారి బస్సు హారన్ మూగబోతే, దారి పొడుగునా నోటితోనే "పాం... పాం..." అంటూ పిల్లల్ని ఇళ్ళకి చేర్చాడు. అప్పటినుంచి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజుతో తాత ఉద్యోగం ఆఖరు. మధ్యాహ్నం రైలెక్కి తమ్ముడి ఊరికి వెళ్ళిపోతున్నాడు. రెండు రోజుల ప్రయాణం. ఆయన ఫోటో ఆఫీసు వరండా గోడకి తగిలిస్తారు. ఆ గోడెక్కాలంటే ముప్పై ఏళ్ళు పనిచేసి ఉండాలి. ఇప్పటిదాకా ఎక్కినవాళ్ళు ఇద్దరే.

"బాబాయ్, ఆ స్టాండ్ తగలకుండా కూర్చోండి" అంది అమ్మ.

"నాకు తెలిసిన స్టాండ్ ఒక్కటేనమ్మా, బస్‌స్టాండ్. అక్కడే ఎవరికీ తగల్లేదు, ఇక్కడ తగుల్తానా?" అన్నాడు తాత. "ముప్పై ఒక్కేళ్ళు! ఒక్క గీత పడలేదు బండికి. స్టీరింగ్ పట్టుకున్నాక ఒక్క కునుకు తీయలేదు. అది రాయించమ్మా ఫోటో కింద."

"రాయిస్తారులే బాబాయ్."

స్టాండ్ మీద, తాత తలకి పైన, పలచటి తెల్లగుడ్డ బిగించిన చట్రం ఉంది. దాన్ని డిఫ్యూజర్ అంటారు. ఎండకి అది జల్లెడ. మండే ఎండ పైనుంచి దిగి, మెత్తటి వెలుగై తాత మీద పడుతోంది. కానీ కనుబొమల కింద ఇంకా నీడ ఉంది. ఆ నీడని పోగొట్టాల్సింది తూనీగ.

అమ్మ దగ్గరికొచ్చి చెప్పింది.

"తెల్లవైపు పట్టుకో. వెండివైపు అయితే కళ్ళల్లో పొడుస్తుంది. ఇంకో మాట. క్లిక్ అన్న క్షణంలో కెమెరాలో నాకు చీకటి. రెప్ప వాలిందో లేదో నాకు కనపడదు. ఈ ఎండలో వెనక స్క్రీన్ కూడా సరిగ్గా కనిపించి చావదు. నువ్వే చూసి చెప్పాలి. సరేనా?"

"తెలుసమ్మా! వందసార్లు చెప్పావు."

అమ్మ లైటు పట్టుకోమంది. తూనీగ లైట్ తీసుకుంది.

అవతల చెట్టు దగ్గర తూనీగ స్నేహితురాళ్ళు తాడాట ఆడుతున్నారు. "రావే! నీ వంతు పోతుందే!" అని బబుల్‌గమ్ అరిచింది. నోట్లో బబుల్‌గమ్ లేకుండా ఆ పిల్లని ఎవరూ చూడలేదు.

"వస్తున్నానే! రెండు నిమిషాలు!"

అంతకు ముందే తూనీగ వెండివైపుని ఎండకి పెట్టి, మూడో తరగతి కిటికీ మీద వెలుగు చుక్కని గంతులు వేయించింది. ఇప్పుడు పళ్ళేన్ని మళ్ళీ తిప్పలేదు. మెరిసేదే మంచిది కదా అనుకుంది. ఆ పైన చేతులు లాగుతున్నాయి.

క్లిక్.

"కళ్ళు?" అని అడిగింది అమ్మ.

"బావున్నాయి!" అంది తూనీగ. చూపు తాడు మీద ఉంది. తల ఎటు తిరిగితే పళ్ళెం అటు తిరిగింది.

క్లిక్. "కళ్ళు?" "బావున్నాయి!"

క్లిక్. "కళ్ళు?" "అబ్బా, బావున్నాయమ్మా!"

అలా ఆరుసార్లు. తాత ఒక్కమాట అనలేదు. అమ్మ కెమెరా దించగానే తూనీగ పళ్ళేన్ని గడ్డిలో పడేసి పరుగెత్తింది. తన వంతు దొరికింది. పద్దెనిమిది గంతులు వేసింది.

తాత ఆఫీసులోకి వెళ్ళి, ఖాకీ చొక్కా విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. తెల్లచొక్కా వేసుకుని సంతకం చేశాడు. పిల్లలందరికీ చెయ్యి ఊపి, "పాం... పాం..." అంటూ గేటు దాటాడు.

సాయంత్రం ఇంట్లో అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి ఫోటో చూసింది. రెండోది చూసింది. తర్వాత గబగబా మిగతావి తిరగేసింది.

"ఇలా రా."

అమ్మ గొంతులో కోపం లేదు. అందుకే తూనీగకి భయం వేసింది.

ఆరు ఫోటోల్లోనూ తాత కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఒకదాంట్లో సగం తెరిచాడు గానీ, తెల్లగుడ్డు తప్ప ఏమీ కనపడలేదు. నోరు మాత్రం కాస్త తెరుచుకుని ఉంది. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, మంచి నిద్ర.

"ఒక్కదాంట్లో కళ్ళు తెరిచినా, మిగతావాటికి అతికించేదాన్ని" అంది అమ్మ. "నేను అడిగాను కదే నిన్ను. ఆరుసార్లు అడిగాను."



అమ్మ తాతకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి సంగతి చెప్పింది. రైలు చప్పుడు మధ్య తాత నవ్వాడు.

"తెలుసులేమ్మా. సూదుల్లా పొడిచింది ఆ మెరుపు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా బాబాయ్!"

"పాప చేతులు వణుకుతున్నాయమ్మా. చెబితే మళ్ళీ మొదటికొస్తుంది, పాపం దానికి ఆటుంది కదా అని ఊరుకున్నా."

తూనీగ ఫోన్ దగ్గరికి వంగింది. "సారీ తాతా" అంది. రైలు చప్పుడులో అది అవతలికి చేరిందో లేదో.

"అక్కడే ఎవరితోనైనా ఒకటి తీయించి పంపండి బాబాయ్. గోడకి అదే పెట్టిస్తాను" అంది అమ్మ.

"ఏ చొక్కాతో తీయించుకోనమ్మా? ఖాకీ తిరిగిచ్చేశాను. అది లేకపోతే ఆ గోడ మీద నేనెవర్ని?" అన్నాడు తాత. "ఉన్నదే పెట్టండి. పరవాలేదు."

పరవాలేదని పెద్దవాళ్ళు అన్నారంటే చాలాసార్లు పరవా ఉందనే అర్థం. తూనీగకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

సోమవారం ఫోటో గోడెక్కింది. కింద తాత కోరినట్టే రాశారు: 'స్కూల్ బస్సు డ్రైవర్. ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క ప్రమాదం లేదు. ఒక్క కునుకు లేదు.' పైన చూస్తే తాత కునుకు తీస్తున్నాడు. ముప్పై ఒక్కేళ్ళు పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకున్న మనిషికి, ఫోటోలో ఆ రెప్పలే మిగిలాయి.

ఇంటర్వెల్‌లో ఒకటో తరగతి పిల్లలు గోడ ముందు గుంపుగా మూగారు. వాళ్ళు ఆ రోజే కొత్తగా చేరినవాళ్ళు. తాత బస్సు ఒక్కరోజు కూడా ఎక్కనివాళ్ళు. ఒక పిల్ల కూడబలుక్కుంటూ రాత చదివింది. ఇంకో పిల్లాడు పకపకా నవ్వాడు.

"నిద్రపోతూ నడిపాడు! గుర్రు... పాం! గుర్రు... పాం!"

అందరూ గుర్రు పెట్టడం మొదలుపెట్టారు. పక్కనే ఉన్న బబుల్‌గమ్‌కి కూడా నవ్వాగలేదు. బుడగ టప్‌మని పేలింది.

"పదవే, తాడు తెచ్చాను" అని బబుల్‌గమ్ తూనీగ చెయ్యి పట్టి లాగింది.

తూనీగ చెయ్యి విడిపించుకుంది. పిల్లల మధ్యలోకి దూరి, ఫోటో కింద నిలబడింది.

"ఆయన నిద్రపోలేదు" అంది. గొంతు కీచుమంది. మళ్ళీ గట్టిగా అంది. "ఆయన ఎప్పుడూ నిద్రపోలేదు. నేను ఆయన కళ్ళల్లో ఎండ కొట్టాను. అందుకే మూసుకున్నాడు."

గుర్రులు ఆగిపోయాయి.

"నువ్వా?" అన్నాడు ఆ పిల్లాడు.

"నేనే."

"ఎందుకు కొట్టావు?"

"కావాలని కాదు. ఆయన వైపు చూడలేదు." అంది తూనీగ. "మా అమ్మ అడిగితే చూశానని చెప్పాను."

బబుల్‌గమ్ నమలడం మానేసింది. పిల్లలు ఒకసారి ఫోటోకేసి, ఒకసారి తూనీగకేసి చూశారు. తర్వాత బెల్ కొట్టగానే బిలబిలమంటూ వెళ్ళిపోయారు. వాళ్ళకి ఎంత అర్థమైందో తెలియదు.

మెట్ల వైపు నుంచి ఒకటో తరగతి రెండో సెక్షన్ వరసగా వస్తోంది. ముందున్న పిల్ల గోడ మీది ఫోటోకి వేలు చూపించి, పక్క పిల్ల చెవిలో ఏదో చెప్పి కిసుక్కున నవ్వింది.

తూనీగ క్లాసుకి ఆలస్యమవుతుంది. అయినా కదలకుండా అక్కడే నిలబడి, వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా ఆగింది.

"ఆయన నిద్రపోలేదు" అని మళ్ళీ మొదలుపెట్టింది.