గుండె దించే విద్య

ఇనప ఎద్దు నాలుగు కాళ్ళూ రాతినేల మీద గట్టిగా ఆనించి కదలకుండా నిలబడింది. దాని వెనకున్న ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

"టిక్" అంది యంత్రం. పావు నిమిషం తర్వాత మళ్ళీ "టిక్". మూడోది, నాలుగోది. వెంటనే మూపురం మీది గొట్టం ఎడమ గోడవైపు తిరిగి, మూరెడు పొడవు చేవకర్ర మేకుని ఫట్‌మని వదిలింది. గోడ మీది సున్నపు పెచ్చు పగిలిపోయింది. దాని వెనక గూట్లో పడుకున్న రక్తపిశాచి రొమ్ములో మేకు దిగబడగానే, అది ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. అరవబోయింది గానీ నోట్లోంచి నల్లటి నెత్తురు తప్ప శబ్దం రాలేదు. గోళ్ళతో రాతిని గీరుకుంటూ, గీరుకుంటూ, కూర్చున్నచోటే ఒరిగిపోయింది.

"చూశారా కాటమగారూ!" అన్నాడు డాక్టర్ కొమ్మన, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఆయనే. "మనం దాన్ని ముట్టుకోనైనా లేదు."

వేటగత్తె కాటమ ఆ మాట వినిపించుకోలేదు. గూటి అడుగున పడివున్న చిన్న చెప్పుని తీసి చూసి, "మా వెన్నమది కాదు" అని కింద పెట్టేసింది.

ఇది మన భూమి కాదని ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. సున్నపురేవు అనే పట్నం ఉన్న ఆ లోకం మహా బద్ధకంగా తిరుగుతుంది. మన లెక్కలో పదకొండు రోజులు ఏకధాటిగా పగలు, తర్వాత పదకొండు రోజులు రాత్రి. రాత్రంతా జనం ఇనప తలుపులు బిగించుకుని ఇళ్ళల్లో కూర్చుంటే, రక్తపిశాచాలు వీధుల్లో షికారు చేస్తాయి. తెల్లవారేసరికి ఊరి బయట పాత సున్నపురాయి గనుల్లో దూరి పడుకుంటాయి. పోతూ పోతూ దొరికిన మనుషుల్ని ఎత్తుకుపోతాయి. వెంటనే చంపవు. మనం ప్రయాణానికి పులిహోర పొట్లం కట్టుకున్నట్టు, మధ్యలో ఆకలేస్తే ఓ గుక్క తాగడానికి పక్కన కట్టేసుకుంటాయి. పొద్దుగూకేలోగా బయటికి తెచ్చిన మనిషి బతుకుతాడు. పొద్దుగూకిందా, అవి లేస్తూనే ఆ మనిషిని చివరి బొట్టుదాకా పీల్చేసి మరీ బయల్దేరతాయి.

కాటమ కూతురు వెన్నమకి తొమ్మిదేళ్ళు. తెల్లవారుజామున పెరటి తలుపు విరగ్గొట్టి ఆ పిల్లని ఎత్తుకుపోయాయి. ఎద్దు తయారయ్యేసరికే పది రోజులు దాటి, ఇప్పుడు సూర్యుడు పడమటి కొండమీదికి వాలాడు. మహా అయితే నాలుగు గంటలుంది.

కాటమది ఏడు తరాల వేటవారి వంశం. పిశాచి ఎంత నిద్రలో ఉన్నా, మేకు దించేంత దగ్గరికి కొత్త మనిషి గుండె చప్పుడు వస్తే లేస్తుంది. అందుకని వేటవాళ్ళు గుండె దించడం అనే విద్య పట్టారు. ఊపిరి బొడ్డు దగ్గర నిలిపి, మనసులో ఒక దిగుడుబావి ఊహించుకుని, ఒక్కో మెట్టే కిందికి దిగాలి. నేర్చినవాళ్ళకి నిమిషానికి పది, పన్నెండు దెబ్బలకి తగ్గిపోతుంది. అప్పుడు పిశాచి పక్కనే నిలబడినా శవమనుకుని వదిలేస్తుంది. చచ్చిన నెత్తురు అది తాగదు. పిల్లలకి అయిదో ఏటే మొదటి పాఠం చెబుతారు. "పిశాచి దగ్గరికొచ్చిందా, దిగు. అది పోయేదాకా పైకి రాకు." ఈ సంగతి బయటివాళ్ళకి ప్రాణం పోయినా చెప్పరు.

వెన్నమకి మాత్రం ఆ విద్య అబ్బలేదు. పరీక్షపెట్టిన ప్రతిసారీ నలభై దగ్గరే ఆగిపోయి ఫక్కున నవ్వేసేది. "నీ మొహానికి ఇది ఈ జన్మలో రాదే" అని కాటమ మొన్ననే పదిమందిలో తిట్టింది. ఆ తిట్టు ఇప్పుడు కాటమకి అడుగడుక్కీ గుర్తొస్తోంది.

ఇక ఎద్దు సంగతి. రైలు పట్టాకి చెవి ఆనిస్తే ఎక్కడో ఉన్న రైలు చప్పుడు వినిపిస్తుంది కదా, ఇదీ అంతే. కాళ్ళ చివరున్న సెన్సర్లు రాతిలోంచి వచ్చే కంపనాన్ని పట్టుకుంటే, లోపలి కంప్యూటర్ అందులోంచి గుండె చప్పుళ్ళు ఏరుతుంది. మామూలు మనిషి గుండె నిమిషానికి డెబ్భైసార్లు కొట్టుకుంటుంది. నెత్తురు పోయి నీరసించిన ఖైదీలది నూట ఇరవై. పిశాచిది నాలుగే. కనక ముప్ఫైకి తగ్గితే పిశాచే అని డాక్టర్ హద్దు పెట్టాడు. అలాంటి గుండె దొరికితే నాలుగు దెబ్బలు వింటుంది, ఒక్కో దెబ్బకీ ఒక టిక్ కొడుతుంది, నాలుగో టిక్‌తో మేకు వదులుతుంది.

మొదట్లో దాని వీపు మీద ఒక ఎర్ర స్విచ్ ఉండేది.

"ఇదేమిటండీ?" అని అడిగింది కాటమ.

"ఆపడానికి. ఎందుకైనా మంచిదని."

"తీసేయండి. మా ఆయన ఎలా పోయాడో తెలుసా? పిశాచి ఆయన తల్లి గొంతు పెట్టి 'నాయనా' అని పిలిచింది. అంతటి మొనగాడికీ చెయ్యి ఆగిపోయింది. మనిషన్నాక చెయ్యి ఆగుతుంది డాక్టరుగారూ. దీన్ని ఆపే దారి ఎవ్వరికీ ఉండకూడదు. నాక్కూడా."

ఆయన తల గోక్కున్నాడు. "మరి ముప్ఫైకి తక్కువ కొట్టుకునే మనిషి గుండె ఎక్కడైనా ఉంటుందేమో..."

కాటమ, ఆవిడ బాబాయి బేతయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఉండదు" అంది కాటమ. వంశం గుట్టు కదా మరి! పైగా ఎద్దు ముందు నడుస్తుంటే ఇక వేటవాళ్ళకి గుండె దించే పనేముంది అనుకున్నారు. ఆ ఒక్క మాట విప్పి చెప్పి ఉంటే డాక్టర్ ఏదో ఒక ఏర్పాటు చేసి ఉండేవాడు. పాపం, ఆయనకేం తెలుసు?

ఎద్దు సొరంగంలో ముందుకి కదిలింది. ఒక మలుపులో ఇద్దరు ఖైదీలు గొలుసులతో కనిపించారు. వాళ్ళ గుండెలు దడదడలాడుతున్నాయి కాబట్టి అది ఆగకుండా సాగిపోయింది. బేతయ్య గొలుసులు తెంచి వాళ్ళని బయటికి పంపించాడు. వెన్నమ గుండె కూడా ఇలాగే కొట్టుకుంటూ ఉంటుందని కాటమ ధైర్యం తెచ్చుకుంది.

అంతలో పైకప్పు పగుల్లోంచి ఒక పిశాచి బేతయ్య మీదికి దూకింది. మేకుల చప్పుడుకి లేచినట్టుంది. ఎద్దు టిక్కుల లెక్క పూర్తిచేసేదాకా ఆగితే ముసలాడు మిగలడు. కాటమ దాని జుట్టు పట్టి వెనక్కి లాగి, నడుముకున్న మేకుని మెడకింద పొడిచి, అది లోపలికి దిగకపోతే రాయి తీసుకుని మేకు నెత్తిన మోదింది. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకి ఎముక విరిగింది. నల్లటి నెత్తురు చిమ్మి కాటమ మొహం, రొమ్ము తడిసి ముద్దయ్యాయి. డాక్టర్ గోడకి ఆనుకుని వాంతి చేసుకున్నాడు.

"మొహం తుడుచుకో అమ్మాయీ" అన్నాడు బేతయ్య రొప్పుతూ.

"తర్వాత తుడుచుకుంటాలే బాబాయ్. పద."

చివరి గదిలో ఎద్దు మూడు పిశాచాల్ని వరసగా గుచ్చింది. అవి తన్నుకోవడం ఆగాక కాటమ లాంతరు ఎత్తింది. మూలన, చేతులు గొలుసుతో రాతికి కట్టేసి, వెన్నమ పడుకుని ఉంది. మొహం సున్నంలా పాలిపోయింది. మెడమీద ఒకే ఒక్క పాత కాటు. తర్వాత ఎవరూ తాగినట్టు లేదు.

"వెన్నీ!"

"టిక్" అంది ఎద్దు. గొట్టం గిర్రున తిరిగి పిల్ల వైపు నిలబడింది.

ఇంకో పిశాచి ఎక్కడుందా అని కాటమ చుట్టూ చూసింది. అయిదు సెకన్లకి రెండో టిక్ వినపడింది. అప్పుడు అర్థమైంది. పిల్ల దిగింది! పదిరోజులుగా ఆ చీకట్లో ఒక్కతే మెట్లు దిగి, శవంలా పడుకుని, తన్ను తాను కాపాడుకుంది. ఏడు తరాల్లో ఎవరూ అంతసేపు దిగి ఉండలేదు. కాటమకి ఒక్క క్షణం గర్వంతో ఒళ్ళు పొంగింది. మరుక్షణం పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆపండి! డాక్టరుగారూ, ఆపండి!"

"ఎలా ఆపను? స్విచ్ తీసేయమన్నది మీరే కదమ్మా!" ఆయన గొంతు కీచుమంది.

బేతయ్య గొట్టానికి వేలాడాడు. పళ్ళచక్రం ఆయన రెండు వేళ్ళని నలిపేసింది తప్ప గొట్టం పక్కకి కదల్లేదు. కాటమ పిల్ల పక్కన మోకాళ్ళమీద పడింది. అడ్డం పడుకుంటే ఆ మేకు ఇద్దరినీ కలిపి కుడుతుందని ఆవిడకి తెలుసు.

"వెన్నీ, అమ్మనే. వచ్చేశాను తల్లీ. పైకి రా, బంగారం, పైకి రా."

పిల్ల పెదవులు కొద్దిగా విచ్చుకున్నాయి. అమ్మ గొంతు వింటే ఏ పిల్లకైనా భయం తీరిపోతుంది. ఆ ఊరటకి గుండె ఇంకా కిందికి దిగింది. మూడో టిక్ రావడానికి ఎనిమిది సెకన్లు పట్టింది.

ఇంక ఒక్కటే మిగిలింది.

కాటమ పిల్ల జుట్టు గుప్పిట పట్టి తల వెనక్కి వంచింది. పిశాచి నెత్తురుతో తడిసిన తన మొహాన్ని ఆ చెవి దగ్గరికి తెచ్చి, పిశాచి నవ్వినట్టు గొంతులోంచి గురగురలాడింది. "మీ అమ్మని తాగే వచ్చానే. ఇక నీ వంతు." ఆ మాట అని, పిల్ల మెడమీది పాత కాటులోనే పళ్ళు దించి కసుక్కున కొరికింది.

వెన్నమ కళ్ళు తెరుచుకున్నాయి. నోటినిండా తన నెత్తురుతో అమ్మ మొహం కనిపించింది. గని దద్దరిల్లేలా అరిచింది. యంత్రం నాలుగో టిక్ కొట్టబోయి కిరకిరమని తడబడింది. దాని వీపు మీది తెరలో నూట అరవై పడింది. గొట్టం నెమ్మదిగా పైకి లేచింది. ఎద్దు తనకేమీ పట్టనట్టు పక్క సొరంగంలోకి నడిచింది.

కాటమ మాత్రం వదల్లేదు. వదిలితే గుండె మళ్ళీ దిగుతుందేమో, ఎద్దు మళ్ళీ తిరిగొస్తుందేమో! పిల్ల తన్నుతోంది, రక్కుతోంది, "అమ్మా, అమ్మా" అని అమ్మనే పిలుస్తోంది. ఎద్దు చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా ఆ తల్లి పళ్ళు బిగించే ఉంచింది.

పొద్దుగూకడానికి అరగంట ముందు అందరూ బయటపడ్డారు. ఊళ్ళో ఎద్దుకి పూలదండ వేశారు. డాక్టర్ మాత్రం ఆ దండ పక్కకి జరిపి, ఎర్ర స్విచ్ మళ్ళీ బిగించుకున్నాడు.

ఆ పదకొండు రోజుల రాత్రీ గడిచేసరికి వెన్నమ ఆసుపత్రిలో కోలుకుంది. జరిగిందంతా కాటమ పూసగుచ్చినట్టు చెప్పింది. "తెలుసమ్మా, నన్ను బతికించడానికే కదా. బేతయ్య తాతయ్య కూడా చెప్పాడు" అంది పిల్ల. చెప్పి, నవ్వింది కూడా. కాటమ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ మర్నాడు కాటమ జామపండ్లు తీసుకుని వచ్చింది. మంచం దగ్గర నర్సు, గుండె దెబ్బలు చూపించే మానిటర్ సర్దుతోంది.

"రండి కాటమగారూ! మీరొస్తే చాలు, పాప ఎంత నెమ్మదిస్తుందో చూడండి. మేం సూది పట్టుకొస్తే నూట పది. అదే మీ అడుగుల చప్పుడు వినపడిందంటే, ఇదిగో, యాభై, ముప్ఫై... పద్నాలుగు! నేనెక్కడా చూళ్ళేదు బాబూ. అమ్మంటే అమ్మే!"

కాటమ తెరవైపు చూసింది. తర్వాత కూతురి వైపు చూసింది. వెన్నమ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, పెదవుల మీద నవ్వు ఉంది. రెప్ప మాత్రం కొట్టుకోవడం లేదు. కాటమ పట్టుకున్న ఆ చిన్న చెయ్యి రాయిలా చల్లగా ఉంది.

"బాగా దిగావు తల్లీ" అంది కాటమ. ఆ పిల్ల తల్లి నోట ఆ మెచ్చుకోలు వినడం అదే మొదటిసారి.

పండ్లు బల్లమీద పెట్టి, వెనక్కి తిరగకుండా వరండా చివరిదాకా నడిచింది.

"అయ్యయ్యో, వెళ్ళిపోతున్నారేం?" లోపల్నుంచి నర్సు కేకేసింది. "పాపకి మళ్ళీ డెబ్భైకి ఎక్కిపోతోంది. ఒక్కసారి వెనక్కి రండి కాటమగారూ!"