ఇరవయ్యో టెస్టు

మొదట్లో అతని దగ్గర నలభై ఉన్నాయి. ఇప్పుడు మూడు మిగిలాయి.

నలభై అంటే నలభై అవకాశాలు. డేటా పేపరుకి రాసిన ప్రోగ్రాంని మనిషి చూడడు, మెషీన్ చూస్తుంది. ఇరవై టెస్టులు పెట్టి మార్కులు వేస్తుంది. సెమిస్టరు మొత్తం మీద ఒక్కొక్కరూ నలభైసార్లు పంపుకోవచ్చు. నలభై ఒకటోసారి బతిమాలినా తీసుకోదు.

మిగతా లెక్క అతనికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. పాసవడానికి యాభై కావాలి. రాత పరీక్షలో ఇరవై మూడు. దాటిన పందొమ్మిది టెస్టులకీ ఒక్కో మార్కు. మొత్తం నలభై రెండు. ఇరవయ్యో టెస్టు ఒక్కదానికే పది మార్కులు. దాటితే యాభై రెండు. దాటకపోతే ఇదే క్లాసు, ఇదే బెంచీ, ఇంకో ఏడాది. పైగా వచ్చే ఏడాది ఇదే క్లాసుకి అతని చెల్లెలు వస్తుంది.

ఆ సంగతి చెల్లెలు మర్చిపోనివ్వదు.

"అన్నయ్యా, కిటికీ పక్క చోటు నాకు, గోడ పక్కది నీకు. ఇప్పుడే మాట్లాడేసుకుందాం," అంది మధ్యాహ్నం ఫోన్‌లో.

"నోర్మూసుకుని ఎనిమిదింటికి గేటు దగ్గరికి బండి తీసుకురా."

"అటెండెన్స్‌లో నీ పేరు పిలిస్తే నేను పలకనా? అలవాటవుతుంది."

ఫోన్ పెట్టేశాడు. కోపం చెల్లెలి మీద కాదు. ఆ ఇరవయ్యో టెస్టు మీద.

ప్రోగ్రాం చూడబోతే చిన్నపిల్లల లెక్క. ఈ ల్యాబ్ తలుపు దగ్గర కార్డు గీసినప్పుడల్లా ఒక వరుస నమోదవుతుంది. కార్డు నంబరు, సమయం, లోపలికా బయటికా. తొంభై పనిరోజుల వరుసలు ఇచ్చి, ఫలానా సమయానికి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పమన్నారు. వచ్చినవాళ్ళలోంచి పోయినవాళ్ళని తీసేస్తే సరి. తీసేశాడు. ముప్ఫై ఏడు రకాలుగా తీసేశాడు. ముప్ఫై ఏడుసార్లూ మెషీన్ ఒకటే మాట.

ఇరవయ్యో టెస్టు తప్పు. తేడా: 1.

ఏ రోజు గురించి అడిగిందో చెప్పదు. ఎక్కువ చెప్పాడో తక్కువ చెప్పాడో కూడా చెప్పదు. ప్రొఫెసర్‌ని అడిగితే, "డేటాలో తప్పు లేదు. నువ్వే ఏదో వదిలేశావు," అన్నారు టీ కప్పులోకి చూస్తూ. క్లాసులో ఇంకెవరూ ఆ టెస్టు దాటలేదు. దాటాల్సిన ఖర్మ వాళ్ళకి లేదు.

ల్యాబ్ నేలకింద ఉంది. కిటికీలు లేవు. ముప్ఫై రెండు కంప్యూటర్లు, చక్రాల కుర్చీలు, ఎప్పుడూ తడిగా ఉండే కార్పెట్. ఏసీలోంచి నీటిబొట్లు ప్లాస్టిక్ బకెట్లోకి పడుతున్నాయి. శనివారం కావడంతో ఆరున్నరకల్లా అందరూ వెళ్ళిపోయారు. అతనొక్కడే చివరి వరుసలో కూర్చుని కీబోర్డు మీద కసి తీర్చుకుంటున్నాడు.

అటెండరు బకెట్ పారబోసి వచ్చి, పక్కన నిలబడ్డాడు.

"ఏం బాబూ, ఆ కంప్యూటరు నిన్ను దత్తత తీసుకుందా? మూడు రోజుల్నించీ ఇంటి మొహం చూస్తున్నట్టు లేవు."

"ఒక్క గంట బాబాయ్. ఎనిమిదింటికి గడువు."

"నా బస్సు ఏడింటికి."

"నీకు దణ్ణం పెడతాను బాబాయ్."

అటెండరు గోడ గడియారం వంక, అతని కళ్ళకింద నలుపు వంక చూశాడు. విసుక్కుంటూ తన బల్ల సొరుగు తెరిచి ఒక కార్డు తెచ్చాడు. పసుపెక్కిన పాత కార్డు. ఫొటో లేదు, పేరు లేదు. మూలన నంబరు మాత్రం ఉంది. 017.

"జాగ్రత్తగా విను. ముందు నీ కార్డు గీసి బయటికి వెళ్ళు. తలుపు మూయకుండా, చెయ్యి లోపలికి పెట్టి ఇది గీయి. గీశాక తలుపు వెంటనే వదిలెయ్యకు. ఒక మనిషి నడిచి బయటికొచ్చేంత సేపు పట్టుకో. ఆ తర్వాతే తాళం పడుతుంది."

"ఎవరిది బాబాయ్ ఇది?"

"నాకు ముందు పనిచేసినాయన ఇచ్చాడు. ఆయనకెవరిచ్చారో అడగలేదు."

"ఎవరూ లేనప్పుడు ఎవరు నడిచొస్తారు?"

"చదువుకునేవాడివి, నువ్వే చెప్పాలి. నేను తలుపు పట్టుకుంటాను. అటు చూడను." గొంతు తగ్గించాడు. "నువ్వూ చూడకు."

చెప్పుల చప్పుడు మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

అతను కార్డుని బల్ల మీద పడేసి మళ్ళీ తెర వైపు తిరిగాడు. పది నిమిషాల తర్వాత చేతులు ఆగిపోయాయి.

017.

ఆ నంబరు తెలుసు. సెమిస్టరు మొదటి వారంలోనే దాన్ని డేటాలోంచి కొట్టేశాడు. క్లాసంతా కొట్టేసింది. రోజూ సాయంత్రం ఒక్క వరుస. 017, బయటికి. లోపలికి వచ్చినట్టు ఒక్కటీ లేదు. రానిదే పోవడమేమిటి, చెత్త వరుస, తీసి పారెయ్. తొంభై చెత్త వరుసలు.

'నువ్వే ఏదో వదిలేశావు.'

కుర్చీలో ముందుకి జరిగాడు. భయంతో కాదు, ఆశతో. లోపలికి రాకుండా బయటికి పోయారంటే, మొదటినించీ లోపలే ఉన్నట్టు! తొంభై నిష్క్రమణలు, కాబట్టి మొదట్లో తొంభై మంది. గబగబా రాసి పంపాడు. ముప్ఫై ఎనిమిదో అవకాశం.

తప్పు. తేడా: 88.

నెత్తి కొట్టుకున్నాడు. కార్డు ఒకటే కదా, తొంభై మందెలా అవుతారు? ఒక్కరే. రోజూ సాయంత్రం పోయి, పొద్దున్నే గీయకుండా వస్తున్నారు. ఆ మాట రాయడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఆ చప్పుడు గమనించాడు. అతను కీబోర్డు మీద కొడుతుంటే, ముందు వరుసలో ఎక్కడో ఇంకో కీబోర్డు. ప్రతిధ్వని అనుకున్నాడు. అంకెల మనిషి కదా, మనసు దానంతటదే లెక్కపెట్టింది. నాలుగు అక్షరాలు కొట్టి ఆగాడు. అయిదు వినపడ్డాయి. ఏడు కొట్టాడు. ఎనిమిది...

"ఎవరూ?"

బకెట్లో బొట్టు పడింది.

"ఎవరైనా ఉంటే చెప్పి చావండి. నాకు టైము లేదు!"

కసురుకుంటే ధైర్యం వచ్చింది. ఏసీ గొట్టం శబ్దమే అయ్యుంటుంది. ఈ ల్యాబ్‌లో సరిగ్గా పనిచేసేదేముంది గనక. ముప్ఫై తొమ్మిదోది పంపాడు.

తప్పు. తేడా: 1.

ఏడు ఇరవై. ఒక్కటే మిగిలింది. ఏడుపొచ్చేలా ఉంది. కాగితం లాక్కుని పెన్నుతో వేశాడు. తొంభై అని పంపినప్పుడు తేడా ఎనభై ఎనిమిది. తొంభైలో ఒకరు పోతే ఎనభై తొమ్మిది. మెషీన్ కోరిన జవాబు ఒకటి అయితేనే తేడా ఎనభై ఎనిమిది వస్తుంది. ఒకరు పోయారంటే మొదటి సాయంత్రం గడిచింది. అంటే అది అడుగుతున్నది మొదటి రోజు రాత్రి. అందరూ వెళ్ళిపోయి, 017 గీసి, తాళం పడ్డాక... లోపల ఎంతమంది?

మెషీన్ ఒకరు అంటోంది.

పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. గీస్తున్నారు. తలుపు పట్టుకుంటున్నారు. కానీ ఆ మనిషి పోవడం లేదు. తొంభైసార్లు గీసినా ఒక్కసారీ పోలేదు. 017 ఎప్పుడూ లోపలే.

తల తిప్పకూడదనుకున్నాడు. మెడ మీద చల్లగా ఉంది. పెట్టెలో ఏళ్ళ తరబడి మడిచి ఉంచిన తడిబట్ట వాసన... అంతకుముందు లేదు. ఇప్పుడు ఉంది. రెండు వరుసల అవతల, ఒక కుర్చీ చక్రం కిర్రుమంది.

పది మార్కులు. చెల్లెలి పక్క బెంచీ. ఒక్క వరుస మార్చాడు. 017 ఎప్పుడూ లోపల ఉన్నట్టే లెక్కించు. నలభయ్యోది పంపాడు.

పాస్. ఇరవైకి ఇరవై. కింద అతని కార్డు నంబరు, దాని పక్కన యాభై రెండు.

కేక వేయబోయాడు. వెనక ఏదో వింటుందని ఆపుకున్నాడు. పాత కార్డు జేబులో వేసుకుని, ఫోన్ చేత పట్టుకుని నడిచాడు. పరుగెత్తలేదు. పరుగెత్తితే వెనక కూడా పరుగెడుతుందేమోనని. తలుపు దగ్గర తన కార్డు గీశాడు. పచ్చ దీపం వెలిగింది. తలుపు లాగి కాలు అడ్డం పెట్టాడు.

సంచి!

కుర్చీకే ఉండిపోయింది. అందులోనే ఇంటి తాళాలు. వెనక్కి తిరిగి చూశాడు. అంతే, ఒక్క క్షణం. భుజానికి రాసుకుంటూ ఏదో పోయింది. తడిగా. మెత్తగా. కాలు పక్కకి జారింది.

తలుపు మూసుకుంది.

చుట్టూ చూశాడు. ల్యాబ్‌లో వాసన లేదు. చల్లదనం లేదు. కుర్చీలు కదలడం లేదు. హమ్మయ్య అనుకుని మళ్ళీ కార్డు గీశాడు.

ఎర్ర దీపం. రీడరు మీది బుల్లి తెర మీద అక్షరాలు.

మీరు బయటికి వెళ్ళిపోయారు.

"లోపలే ఉన్నాను కదా!" మళ్ళీ గీశాడు. మీరు బయటికి వెళ్ళిపోయారు. తుడిచి గీశాడు, తిప్పి గీశాడు. తలుపుని తన్నాడు, గుద్దాడు, అరిచాడు. శనివారం సాయంత్రం నేలకింద అరిస్తే ఎవరికి వినపడుతుంది? ఫోన్‌లో సిగ్నల్ లేదు. గోడ పొడుగునా తిరిగి తిరిగి, అటెండరు బల్ల ఎక్కి చెయ్యి పైకెత్తితే ఒక్క గీత వచ్చింది. అప్పటికి ఎనిమిదీ పది.

నాలుగోసారికి చెల్లెలు ఎత్తింది. బండి చప్పుడు, గాలి.

"హలో? ఎవరండీ?"

"నేనే! ల్యాబ్‌లో ఇరుక్కుపోయాను. వెంటనే అటెండరుకి..."

"అయ్యో, అన్నయ్య ఫోన్ మీకు దొరికిందాండీ? మతిమరుపు మనిషి. మీ దగ్గరే ఉంచండి, సోమవారం వచ్చి తీసుకుంటాడు."

"పిచ్చిదానా, నేనే మీ అన్నయ్యని!"

"కొంచెం గట్టిగా మాట్లాడండి. మీ గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది." అంటూనే పక్కకి తిరిగి నవ్వింది. "ఉండు అన్నయ్యా, నడుం వదులు, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి." మళ్ళీ ఫోన్‌లోకి. "ఇవాళ పాసయ్యాడు లెండి, ఆ సంబరంలో ఉన్నాడు. మన ఇల్లెటు అని నన్నే అడుగుతున్నాడు, చూడండి!"

"ఆపు... బండి ఆపు. అది నేను కాదు. దిగు..."

"వినపడట్లేదండీ. ఉంటాను."

గీత పోయింది.

బల్ల దిగాడు. పాసైనది అతని నంబరు. ఆ నంబరు ఇప్పుడు చెల్లెలి వెనక కూర్చుని ఇంటికి పోతోంది. సోమవారం పొద్దున్న దాకా ఆగితే అటెండరు వస్తాడు. అప్పటిదాకా ఇంట్లో చెల్లెలు...

జేబులోంచి పాత కార్డు తీశాడు. ఈ తలుపు లెక్కలో లోపల ఉన్న మనిషి ఒక్కరే, 017. తలుపు తీయాలంటే ఇంకో కార్డు లేదు. దీన్ని ఎన్నిసార్లు గీసినా 017 బయటికి పోదని గంట క్రితం అతనే తేల్చాడు. ఇరవైకి ఇరవై వచ్చిన లెక్క. అందులో తప్పు లేదు.

తప్పుండాలి. ఎక్కడో ఒకచోట, ఒకటి తేడా.

పళ్ళు బిగించి, తన లెక్కలో తొంభై ఒకటోసారి గీయడానికి కార్డు ఎత్తాడు.