టెకూరాకి ఎడిట్ అనుమతి లేదు

"ఈ ఆఫీసులో టుటాయ్ అనే మహానుభావుడు ఎవరండీ?"

వాన నీళ్ళు కారుతున్న హెల్మెట్‌ని టేబుల్ మీద ఠక్కున పెట్టి అడిగింది టెకూరా. టేబుల్ వెనకాల కూర్చున్న కుర్రాడు ముందు లాప్‌టాప్‌ని ఎత్తి గుండెలకి హత్తుకున్నాడు. అది తడవలేదని నిర్ధారించుకున్నాక నోరు విప్పాడు.

"నేనేనండీ. మహానుభావుణ్ణో కాదో మీ కోపం తగ్గాక తేల్చుకుందాం."

"తగ్గేది కాదు. ఇది చదవండి." ఫోన్ అతని ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టింది.

"'మీకు చూసే అనుమతి మాత్రమే ఉంది. ఎడిట్ అనుమతి లేదు.'" అతను బుద్ధిగా చదివాడు. "స్పెల్లింగ్ తప్పులేం లేవే?"

"అది మా మామ్మ వెరెఆరా గీసిన డిజైన్. నేను ఆవిడ సొంత మనవరాలిని. ఒకే ఇంట్లో ఉంటాం. నాకు అనుమతి లేదనడానికి మీరెవరు?"

"నేననలేదండీ. మీరు 'అనుమతి కోరండి' బటన్ నొక్కారు. అది మీ మామ్మగారి ఫోన్‌కి వెళ్ళింది. ఆవిడ 'నిరాకరించు' నొక్కారు." స్క్రీన్ మీద ఏదో చూసి కొంచెం నవ్వాపుకున్నాడు. "మీరు మళ్ళీ నొక్కారు. ఆవిడ మళ్ళీ నిరాకరించారు. మీ పట్టుదల గట్టిదే. కానీ మామ్మగారిది ఇంకొంచెం గట్టిది."

టెకూరా మొహం ఎర్రబడింది. హెల్మెట్ తీసుకుని, వచ్చినంత వేగంగానే మెట్లు దిగిపోయింది. కిందికొచ్చాక గాని గుర్తు రాలేదు, స్కూటర్ తాళం అతని టేబుల్ మీదే వదిలేసిందని. తల ఎత్తి చూస్తే కిటికీలోంచి ఆ తాళాన్ని ఆడిస్తూ నిలబడి ఉన్నాడు. వానకి కూడా వేళాకోళం ఎక్కువైనట్టు సరిగ్గా అప్పుడే జోరందుకుంది.

పసిఫిక్ సముద్రంలోని రారొటోంగా ద్వీపంలో ఆడవాళ్ళకి తివైవై అంటే మంచం మీద పరిచే దుప్పటి ఒక్కటే కాదు. అది వాళ్ళ పరువు. ఒక రంగు గుడ్డని ఎనిమిది మడతలు వేసి, డిజైన్ ప్రకారం ఒక్క ఊపున కత్తిరించి, విప్పి, ఇంకో రంగు గుడ్డ మీద పరిచి, సంఘంలో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కుడతారు. కుట్టడం అందరూ కుడతారు. డిజైన్ గీసి కత్తెర పట్టే అధికారం మాత్రం ఊరికి ఏ ఒక్కరికో ఉంటుంది. టెకూరా వాళ్ళ ఊళ్ళో అది వెరెఆరా మామ్మది.

పోయినసారి తుఫానుకి మామ్మల పెట్టెల్లోని కాగితం డిజైన్లన్నీ తడిసి ముద్దయ్యాయి. మిగిలినవాటినైనా కాపాడుకుందామని మహిళా సంఘాలన్నీ కలిసి ఒక వెబ్‌సైటు చేయించాయి. చేసినవాడు ఆక్లాండ్‌లో చదువుకుని తిరిగొచ్చిన టుటాయ్. ఏ డిజైన్ ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అన్నది ఆ డిజైన్ గీసినావిడ ఇష్టం. ఇంకెవరి మాటా చెల్లదు.

వెరెఆరా మామ్మ ఈ ఏడాది గీసిన డిజైన్‌కి నాలుగు మూలలూ పూర్తయ్యాయి గాని మధ్యలో పెద్ద పువ్వు రావలసిన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆవిడ చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆ పువ్వు తను గీయాలనీ, మామ్మ కత్తెర తన చేతికి రావాలనీ టెకూరా ఆశ. చిన్నప్పటినుంచీ ఆ కత్తెర చప్పుడు వింటూ పెరిగిన పిల్లకి అంతకంటే పెద్ద కోరిక ఇంకోటి లేదు.

మరి ఆ మాట మామ్మనే అడగొచ్చుగా? అడగదు. నిరాకరించాక ఎలా అడుగుతుంది? మామ్మ కూడా ఆ ఊసెత్తదు. రాత్రి భోజనానికి చేమదుంపలు, కొబ్బరిపాల చేప వడ్డించి, "ఇంకొంచెం వేసుకో" అంటుంది. "చాలు" అంటుంది ఈవిడ. పంతంలో ఇద్దరూ ఒకే అచ్చు.

శనివారం సంతలో టెకూరా పిన్నికి ఫిరిఫిరి కొట్టు ఉంది. వేడి నూనెలో పొంగే ఆ డోనట్‌లని కాగితంలో చుట్టి ఇస్తుంటే, వరసలో టుటాయ్ కనిపించాడు.

"మీకు చూసే అనుమతి మాత్రమే ఉంది," అంది టెకూరా చేయి ఆపేసి.

"కొరకడానికి ఎవర్నడగాలండీ?"

"మా పిన్నిని. ఆవిడ నిరాకరిస్తే నన్నేం చెయ్యమనకండి."

పిన్ని నిరాకరించలేదు. పైగా డబ్బులిచ్చిన దానికంటే ఎక్కువే వేసి, "ఏ ఊరబ్బాయివి నాయనా? మీ అమ్మావాళ్ళదెక్కడ?" అని ఆరా తీసింది. టెకూరా మూలిగింది. మరుసటి శనివారం అతను మళ్ళీ వచ్చాడు. ఆపై శనివారం కొట్టు వెనకాల పిండి బస్తాలు దించుతూ కనిపించాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలీదు.

అతను తనని చూసే తీరు టెకూరాకి నచ్చింది. తను కొనేవాళ్ళతో మాట్లాడుతున్నంతసేపూ సూటిగా చూస్తాడు, తను అటు చూడగానే పిండి బస్తా వైపు తిరిగిపోతాడు. ఆ బస్తాలో అంత అందం ఏముందోనని తనకి నవ్వొచ్చేది.

ఒక సాయంత్రం సముద్రపు గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగేసింది.

"నీ దగ్గర అన్నిటి తాళాలూ ఉంటాయటగా?"

"ఉంటాయి. సైటు నడిపేది నేనే కదా."

"అయితే మామ్మ డిజైన్‌కి ఎడిట్ తాళం నాకోసం తెరువు. ఒక్క నొక్కు. మధ్య పువ్వు నేను గీసి చూపిస్తే ఆవిడే మెచ్చుకుంటుంది."

టుటాయ్ నవ్వడం ఆపేశాడు. "వద్దు టెకూరా."

"ఆవిడ చేతులు వణుకుతున్నాయి టుటాయ్! తివైవైల ప్రదర్శన దగ్గరికొచ్చేసింది. నాకు గుర్తున్నంతవరకూ ఏటా అక్కడ బహుమతికి మామ్మ పేరే పిలుస్తారు. ఈసారి పిలవరు. అది నేను చూడలేను." కళ్ళు తుడుచుకుంది. "తెరవలేవా, తెరవవా?"

"తెరవను." మెల్లిగా అన్నాడు. "ఒక్కో మామ్మా తన డిజైన్ నా చేతికిచ్చేటప్పుడు ఒకటే అడిగింది, 'నువ్వు తెరిచి చూస్తావా బాబూ' అని. చూడనన్నాను. ఇంతవరకూ ఒక్కటి కూడా చూడలేదు. నీకోసం ఒక్కటి తెరిస్తే మిగతా అందరికీ నేనిచ్చిన మాట ఏమైపోతుంది?"

"నేను 'మిగతా అందరూ' కాదనుకున్నాను."

"కాదు. అందుకే ఇంత కష్టంగా ఉంది."

టెకూరా లేచి వెళ్ళిపోయింది. దారంతా అతన్ని తిట్టుకుంది. తిట్టుకుంటూనే, అడగ్గానే తెరిచిచ్చే మనిషైతే తనకి అంత నచ్చేవాడు కాదని కూడా అనిపించింది. ఆ ఆలోచనకి ఇంకా కోపం వచ్చింది.

తర్వాతి శనివారం టుటాయ్ సంతకి వచ్చాడు. ఫిరిఫిరి అతనికి పిన్నే కట్టిచ్చింది. టెకూరా పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

అంతలో ద్వీపంలో గొడవ రాజుకుంది. మామ్మలు ఒకరి డిజైన్లకి ఒకరు అనుమతులు కోరుతున్నారు, ఒకరినొకరు నిరాకరించుకుంటున్నారు. చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చర్చిలో మొహాలు తిప్పుకుంటున్నారు. ఇది చాలదన్నట్టు సంఘాల అధ్యక్షురాలు న్గాపోకో మామ్మకి ఒక వార్త అందింది. ఆవిడ గీసిన మందార డిజైన్, అచ్చం అదే, తితికావెకా ఊళ్ళో ఎవరి మంచం మీదో కనబడిందట.

ఆదివారం ప్రార్థన కాగానే చర్చి హాల్లో సమావేశం పెట్టారు. టుటాయ్‌ని ముందు నిలబెట్టారు.

"నా డిజైన్‌కి నేనెవరికీ అనుమతివ్వలేదు," అంది న్గాపోకో మామ్మ, పూలదండ వేసిన టోపీ సర్దుకుంటూ. "ఇంక తాళం ఉన్నది నీ ఒక్కడి దగ్గర. మరి ఎలా బయటికెళ్ళింది?"

"ఎవరు ఎప్పుడు తెరిచారో సైటులో నమోదవుతుంది మామ్మగారూ. మీది మీరు తప్ప ఎవరూ తెరవలేదు."

"ఆ నమోదు రాసే సైటు ఎవరు చేశారు?"

"నేనే."

"చూశారా?" అంది న్గాపోకో మామ్మ అందరివైపూ తిరిగి. హాలంతా గుసగుసలు. విసనకర్రలు జోరుగా ఊగాయి. సైటు మూసేద్దామని ఎవరో అన్నారు. ఇలాంటివాణ్ణి నమ్మి తప్పు చేశామని ఇంకెవరో అన్నారు. టుటాయ్ తల వంచలేదు, కానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

టెకూరా లేవబోయి ఆగింది. లేచి తను చెప్పాల్సింది చెబితే, మామ్మ కత్తెర జన్మలో తన చేతికి రాదు. మొదటి వరసలో మామ్మ నిటారుగా కూర్చుని ఉంది. చెప్పకపోతే ఇతను దొంగ అయిపోతాడు.

లేచింది.

"అతను తెరవడు. నాకు తెలుసు." అంది టెకూరా. "నేను అడిగాను కాబట్టి తెలుసు. మా మామ్మ డిజైన్ దొంగచాటుగా తెరిచివ్వమని అడిగాను. బతిమాలాను. ఏడిచాను కూడా. నా కోసం కూడా తెరవలేదు. ఇంకెవరి కోసం తెరుస్తాడు?"



"సొంత మామ్మ డిజైన్‌నే?" అంది న్గాపోకో మామ్మ.

"అవును. సిగ్గుపడుతున్నాను. కానీ నా సిగ్గు కోసం అతన్ని దొంగని చెయ్యనివ్వను."

అప్పుడు వెనక వరసలోంచి తితికావెకా నుంచి వచ్చిన ఒకామె చెయ్యెత్తింది. "ఆ మందార దుప్పటి మా ఇంట్లోదే. న్గాపోకో మామ్మా, మా తమ్ముడి తొలి జుట్టు కత్తిరింపు పండగకి వచ్చి, మా అమ్మ కాల్చిన పంది పెట్టి అడిగితే, మీ చేత్తో మీరే కాగితం మీద గీసిచ్చారు. అప్పటికి ఈ అబ్బాయి ఇంకా లాగూలు వేసుకుంటున్నాడు."

న్గాపోకో మామ్మ కాసేపు పైకప్పు వంక చూసింది. "ఆ పంది... బాగుంది," అని మాత్రం అంది. హాలు ఘొల్లున నవ్వింది.

నవ్వులు తగ్గకముందే వెరెఆరా మామ్మ లేచి నిలబడింది.

"ఏమే, దొంగచాటుగా తెరవడం దేనికి? నన్నడగొచ్చుగా?"

"అడిగాను మామ్మా! రెండుసార్లు! నువ్వే కాదన్నావు."

"నువ్వెప్పుడడిగావు? పక్కగదిలో కూర్చుని ఏదో నొక్కావు. నా ఫోన్ టింగుమంది. అవునా కాదా అంది. నా డెబ్భై ఏళ్ళలో నన్ను డిజైన్ అడిగినవాళ్ళంతా ఎదురుగా చాప మీద కూర్చుని అడిగారు. టింగుమని ఎవరూ అడగలేదు. నేను కాదన్నది ఆ టింగుని. నిన్ను కాదు."

"నాకూ అలాగే వచ్చింది!" అంది ఒక మామ్మ. "అరే, నువ్వంపావా అది? మర్యాద లేకుండా ఎవరా అని కాదనేశాను!" అంది ఇంకొకావిడ. చర్చిలో మొహాలు తిప్పుకున్నవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు.

టుటాయ్ నుదురు కొట్టుకున్నాడు. "తప్పు నాదే మామ్మగారూ. తాళాలన్నీ సరిగ్గా వేశాను గాని, అడగడానికి ఒక బటన్ చాలనుకున్నాను. ఆ బటన్ ఇవాళే తీసేస్తాను. ఎదురుగా కూర్చుని అడగండి. ఇవ్వాలనుకుంటే మీరే మీ ఫోన్‌లో వాళ్ళ పేరు చేర్చండి."

"తియ్యి," అంది వెరెఆరా మామ్మ. తర్వాత చాప వేయించి కూర్చుంది. మనవరాలి వైపు చూసింది.

టెకూరా ఎదురుగా కూర్చుంది. "మామ్మా, మధ్య పువ్వు నన్ను గీయనిస్తావా? కత్తెర నాకిస్తావా?"

"తప్పు చేసి, దాన్ని ఊరందరి ముందు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు," అంది మామ్మ. "కత్తెరకీ అదే ధైర్యం కావాలి. ఒకసారి కోశాక వెనక్కి రాదు." ఫోన్ తీసింది. వేలు వణుకుతుంటే టుటాయ్ సాయానికి వంగాడు.

"ఏయ్! నువ్వు దూరంగా ఉండు. నా డిజైన్‌కి అనుమతి నేనే ఇస్తాను."

రెండు మూడుసార్లు తప్పి, చివరికి సరిగ్గానే నొక్కింది.

ప్రదర్శన రోజు వాన లేదు. హాలు గోడల నిండా తివైవైలు వేలాడుతున్నాయి. తెల్లటి గుడ్డ మీద ఎర్రగా, నాలుగు మూలల మామ్మ ఆకులూ, మధ్యలో టెకూరా పువ్వూ, ఎక్కడ ఎవరి చేయి ఆగి ఎవరి చేయి మొదలైందో తెలియకుండా కలిసిపోయాయి. దాని ముందు టుటాయ్ ఎంతసేపు నిలబడ్డాడో, టెకూరా పక్కకొచ్చి నిలబడినా గమనించలేదు.

"ఏదో ఒకటి చెప్పు. మాట్లాడకపోతే భయంగా ఉంది," అంది.

"కుట్టినవాళ్ళని పెళ్ళి చేసుకోవాలనిపించేంత బాగుంది."

"కుట్టినవాళ్ళం డజను మందిమి ఉన్నాం నాయనా," అంది వెనకనుంచి న్గాపోకో మామ్మ. "ఎవర్ని చేసుకుంటావో పేరు చెప్పు. నేనైతే ఖాళీగానే ఉన్నాను."

టుటాయ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఈసారి పక్కకి తిరగలేదు. "టెకూరాని," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. "తను ఒప్పుకుంటే."

"గట్టు మీద కూర్చున్న రోజే ఒప్పుకున్నాను," అంది టెకూరా. "కోపంలో ఉండి నీకు చెప్పలేదంతే."

నవ్వులు వినబడి వెరెఆరా మామ్మ ఇటు చూసింది. ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఆ దుప్పటి ఎవరికీ అమ్మడం లేదు, వీళ్ళ పెళ్ళికి కావాలి," అని పక్కావిడతో తేల్చేసింది.

అప్పుడే వేదిక మీదనుంచి బహుమతికి పేరు పిలిచారు. ఏటా పిలిచే పేరే. "వెరెఆరా!"

మామ్మ లేచింది. చప్పట్ల మధ్య రెండడుగులు వేసి ఆగి, టెకూరా మణికట్టు పట్టుకుంది. చేయి వణుకుతోంది గాని పట్టు మాత్రం గట్టిగా ఉంది. మనవరాలిని వెంటబెట్టుకుని వేదిక ఎక్కి, మైకు అవసరం లేని గొంతుతో అంది.

"పేరు సరిగ్గా పిలవండి. కత్తిరించింది నా మనవరాలు టెకూరా."