ఫోన్ ఎత్తని ఆదివారం

వంటగదిలో గిన్నె పడ్డ చప్పుడైనా సిస్టర్ ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల డయాలసిస్ పేషెంటు కొడుకు ఏడుస్తున్నాడు. "కంగారు పడకు నాన్నా... నీళ్లు కొలిచి ఇవ్వు, రేపు పొద్దున్నే తీసుకొచ్చెయ్యి" అని అతనికి ధైర్యం చెబుతూనే ఉంది. ఆదివారం, ఆమెకు సెలవు. మాట్లాడటం ముగించి లోపలికి వెళ్లేసరికి తల్లి పొయ్యి గట్టు కింద ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మూతి వంకరపోయింది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ, మాటా దక్కలేదు.

ఆస్పత్రి వరండాలో సిస్టర్ పద్నాలుగేళ్ల కూతురు ఆమె మొహం చూడకుండా అంది. "అమ్మమ్మ నిన్ను రెండుసార్లు పిలిచింది. స్నానాల గదిలో ఉన్న నాకే వినిపించింది. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు కదా, చూస్తావులే అనుకున్నాను..."

సిస్టర్ డయాలసిస్ వార్డులో నర్సు. పన్నెండేళ్లుగా ఆ వార్డులో ఉంది. ప్రతి పేషెంటు ఇంట్లోనూ ఆమె సొంత నెంబరు ఉండేది. భయపడ్డ మనిషికి తెలిసిన గొంతు వినిపిస్తే చాలని ఆమె నమ్మకం. భర్త ఉద్యోగం వేరే ఊళ్లో కావడంతో వంటా, పిల్ల చదువూ, జడలూ అన్నీ తల్లే చూసుకునేది. "నీతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నాక్కూడా కిడ్నీలు పాడవ్వాలేమోనే" అని నవ్వేది.

ఆ తర్వాత ఎక్కడ ఫోన్ మోగినా సిస్టర్ చేస్తున్న పని వదిలేసి లేచిపోయేది. అన్నం సహించేది కాదు, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు వార్డులో డయాలసిస్ మిషన్ దగ్గర నిలబడి, మందు ఇచ్చానా లేదా అన్నది ఎంతకీ గుర్తురాక అలాగే ఉండిపోయింది. అది చూసిన పెద్ద డాక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది.

"ఇది అలసట కాదు, జబ్బే. నెల రోజులు సెలవు తీసుకో. పేషెంట్లకిచ్చిన నీ నెంబరు తీసెయ్యి. వార్డుకి ఒక ఫోన్ పెడతాను, డ్యూటీలో ఉన్నవాళ్లు ఎత్తుతారు."

"వాళ్లు నన్నే నమ్ముకున్నారు మేడమ్..."

"వార్డుని నమ్మనియ్యి. నువ్వు మంచం పడితే వాళ్లకేం ఒరుగుతుంది?"

పేషెంట్లందరికీ వార్డు నెంబరు రాసిన కార్డులు ఇచ్చారు. సిస్టర్ పాత సిమ్ తీసి బీరువాలో పెట్టేసింది. సెలవయ్యాక రోజూ డ్యూటీ దిగగానే ఇంటికొచ్చి, స్నానం చేసి, తల్లి పక్కన కూర్చుని ఆమె బిగుసుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే కదిలించేది. మొదట్లో సిస్టర్ చెయ్యి ఊరికే ఫోన్ కోసం తడుముకునేది. మెల్లగా ఆకలి తెలిసింది. కూతురు మాత్రం అవసరానికి మించి మాట్లాడేది కాదు.

అలా ఉండగా ఒక ఆదివారం, ఆరేళ్లుగా వార్డుకొచ్చే రంగుల మేస్త్రికి ఊపిరాడలేదు. అతని భార్య కంగారులో అలవాటైన పాత నెంబరుకే చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. కార్డు గుర్తొచ్చి వార్డుకు తీసుకొచ్చేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. మేస్త్రి దక్కలేదు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మేస్త్రి భార్య సిస్టర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఆ రోజు పొద్దున మళ్లీ మళ్లీ మీకే చేశాను సిస్టరమ్మా. మీరు ఎత్తుతారనే అనుకున్నాను."

కార్డు సంగతి సిస్టర్ నోటిదాకా వచ్చింది. కానీ ఆ ముఖం చూశాక అనలేకపోయింది. "లోపలికి రామ్మా" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపి మెట్లు దిగి వెళ్లిపోయింది.

సిస్టర్ నేరుగా బీరువా దగ్గరికి నడిచింది. సిమ్ తీసి ఫోన్లో వెయ్యబోతుంటే కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా."

"ఆయన నా వల్లే పోయాడే..."

"ఆ రోజు ఆస్పత్రిలో నేనూ నీతో ఆవిడలాగే మాట్లాడాను. అమ్మమ్మ పిలుపు నేనూ విన్నాను కదమ్మా... నేను మాత్రం వచ్చానా? నీ మీదికి నెట్టేస్తే నాకు తేలికవుతుందనుకున్నాను. అవలేదు." సిస్టర్ పిల్లను దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ అలాగే నిలబడి చాలాసేపు ఏడ్చారు.

మంచం మీద ముసలమ్మ పెదవులు కదిలాయి. "ప... ప..." ఇద్దరూ వెళ్లి పక్కన కూర్చున్నారు. తొందరపెట్టలేదు. చాలాసేపటికి ఆ మాట వచ్చింది.

"పడుకో."

సిస్టర్ తల్లి పక్కనే ఒదిగి పడుకుంది. మేస్త్రి భార్య తనను ఎప్పటికైనా క్షమిస్తుందో లేదో ఆమెకు తెలియదు. రేపు ఎనిమిదింటికి మళ్లీ ఆ వార్డుకే వెళ్లాలి. మేస్త్రి మంచం మీద ఇంకెవరో ఉంటారు. వాళ్లకీ ఊపిరి అందకపోవచ్చు... కూతురు సిమ్‌ను మళ్లీ బీరువాలో పెట్టి, కిటికీ తెర దించి, ఫోన్ తీసుకుని బయటికి వెళ్లింది. తల్లి ఎడమచెయ్యి తన తల మీద పడేసరికి సిస్టర్ కళ్లు మూసుకుంది. చాలా నెలల తర్వాత ఆమెకు నిద్ర పట్టింది.