ఇల్లరికం పోయిన రొట్టె

ఆమనితో నేను మాట్లాడిన మొదటి మాట, "ఈ రొట్టె మాడింది, వాపస్ తీస్కో."

సూరారంలో వాళ్లమ్మ సాలమ్మ బేకరీ. బయట వాన, లోపల నేను, నా చేతిలో నల్లటి రొట్టె. ఆమని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మాడలే సార్, రాగిపిండి కలిపిన. ఫిన్‌లాండ్ రొట్టె గిట్లనే నల్లగుంటది. తింటే తినుండ్రి, లేకుంటే తడుసుకుంట పోండ్రి."

తిన్నాను. మర్నాడు మళ్లీ వెళ్లాను.

"మల్ల వచ్చినవా? మాడిన రొట్టె కోసమా?"

"కాదు, మాడ్చినామె కోసం."

తుడిచే గుడ్డ విసిరింది. శామీర్‌పేటలో తను పగలు పనిచేసే కంపెనీలో ఫిన్‌లాండ్ ఆవిడ ఒకామె ఆ రొట్టె నేర్పిందట. రొట్టెను వాళ్లు 'లెయ్‌పా' అంటారట. ఆ వానాకాలమంతా మేడ్చల్ నుంచి సూరారానికి నాకేదో ఒక పని పడేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది.

పెళ్లి మాట రాగానే ఆమని తేల్చి చెప్పింది.

"మా అమ్మకు నేనొక్కదాన్నే. నేనీడ్నే ఉంట. నువ్వొస్తవా, బాలేష్?"

సరేనన్నాను. మా బాపు ఓదెలు మండిపడ్డాడు.

"ఇల్లరికమా? ఉన్న ఒక్క కొడుకు పరాయోడైతడా? నేను బతికుండంగ కాదు!"

అమ్మ పోయాక ఆయనకు నేనే అన్నీ. కోపం కాదది, భయం. నాకు తెలుసు.

ఆమని వేడి రొట్టె పట్టుకుని నేరుగా మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చేసింది.

"మామా, గీ లెయ్‌పా అనే మాట మొదలు ఫిన్‌లాండోళ్లది కాదు. ఎన్నో ఏండ్ల కింద పక్కనున్న జర్మానిక్ భాషోళ్ల దగ్గర్నుంచి పోయింది. ఇల్లరికం పోయినట్టే."

బాపు ముక్క నమిలాడు. "పోయి మల్ల రాలేదా?"

"రాలే. ఆడ్నే ఉండిపోయింది."

"గదే గదా బిడ్డా నా బాధ."

"గని పుట్టినింట్ల దాని సుట్టాలు ఇంకా ఉన్నరు మామా. ఇంగ్లీషు గూడ ఆ జర్మానిక్ ఇంటిదే, అండ్ల రొట్టెను లోఫ్ అంటరు సూడు, అది దీనికి సుట్టమే. ఇన్నేండ్లయినా సుట్టరికం తెగలే."

బాపు ఇంకో ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

"అయితే ఐతారం ఐతారం ఇద్దరచ్చి నా దగ్గర తినాలె," అన్నాడు చివరికి. "ఒక్క ఐతారం తప్పినా, నేనే అచ్చి మీ ఇంట్ల కూసుంట."

పెళ్లయ్యాక ఒక్క ఆదివారమూ తప్పలేదు, పాప పుట్టేదాకా. ఆ ఐతారం మాకు ఆస్పత్రిలోనే గడిచిపోయింది. పాపను ఎత్తుకుని సూరారం వచ్చేసరికి గుమ్మంలో బాపు, పక్కన ఆయన ట్రంకుపెట్టె.

"తప్పిన్రు గదా," అన్నాడు పాపను అందుకుంటూ. "ఇగ నేను గూడ ఇల్లరికమే."